సైగలు

ఏప్రిల్ మూడోవారం.
సుపీరియర్ సరస్సు మీద ఇంకా మంచు పెచ్చులు.
రెండో బేస్ ఎక్కడుందో
పారతో తవ్వితేగాని తెలీదు.
వైనో లాహ్టీ తవ్వుతున్నాడు.
అరవై ఎనిమిదేళ్లు. ఓడరేవులో ముప్పై ఏళ్లు వెల్డింగ్ చేసిన చేతులు.
ఆయన కొడుకు ఈ జట్టులో ఆడి
ఇరవై రెండేళ్లు దాటింది.
ఇంకా ఎందుకొస్తావంటే
"గేటు తాళంచెవి నా దగ్గరే ఉండిపోయింది" అంటాడు.

నా సంగతి అంతకన్నా చిన్నది.
బడి హాల్లో సంతకాల కాగితం చేతులు మారుతూ వచ్చింది,
నా వంతుకి కలంలో సిరా ఉంది.
ఈ ఆట నాకు రాదు.
మా ఇంగ్రిడ్ కోసం చేరాను.
మే నెలలో అది మానేసింది, ఈత బాగుందట.
నేను మానలేకపోయాను.
పదకొండు హెల్మెట్లు నా కారు డిక్కీలో ఉన్నాయి మరి.

శనివారాలు బెర్నడెట్ స్కోగ్లండ్
రాత్రి డ్యూటీ దిగి, ఆస్పత్రి బట్టల్లోనే వస్తుంది.
కారిన ముక్కులు, ఊడిన పళ్లు, ఎందుకో తెలీని ఏడుపులు
అన్నీ ఆమె పద్దు.
స్కోరు పుస్తకమూ ఆమెదే.
పిల్లల పొరపాట్లు రాయాల్సిన గడి దగ్గర
పెన్సిల్ మొన విరిగిందంటుంది.
ప్రతిసారీ అక్కడే విరుగుతుంది.

తొమ్మిదేళ్ల పిల్లలు. మోకాళ్లు దాటిన చొక్కాలు,
వీపున హేగ్‌స్ట్రమ్ హార్డ్‌వేర్ దుకాణం పేరు.
ఆర్లో డ్రాగిచ్ ఆ చొక్కాలో తలా చేతులూ తప్ప కనపడడు.
కుడివైపు దూరంగా, బంతి రాని చోట నిలబెడతాం.
అయినా ఆట అన్నాక బ్యాటు వంతు వస్తుంది.
బంతి వస్తుంటే వాడు
చేదుమందు మింగేవాడిలా కళ్లు మూసుకుంటాడు.
సీజనంతా ఒక్కటీ తగల్లేదు.

మూడో బేస్ పక్కనుంచి వైనో సైగలు చేస్తాడు.
టోపీ అంచు. చెవి తమ్మె. మోచెయ్యి రెండుసార్లు. బెల్టు.
ఆర్లో ప్రతిదీ పెదాలు కదుపుతూ చదువుకుని
బుద్ధిగా తలూపుతాడు.
నేనూ ఆరు వారాలు నోటు పుస్తకంలో రాసుకున్నాను:
చెవి అంటే ఆగమనా? బెల్టు అంటే పరుగా?
ఒక్కటీ కుదర్లేదు. ఆట రానివాణ్ణి కదా అనుకున్నా.

ఆఖరి మ్యాచ్. పద్నాలుగు మూడు.
మూడు మాదే.
వైనో వంగి ఆ ఐదుమూలల తెల్లపలకని
తప్పు లెక్క చెరిపినట్టు అరచేత్తో తుడిచాడు,
తన చోటికి నడిచాడు.
టోపీ. చెవి. మోచెయ్యి, మోచెయ్యి.
ఆర్లో తలూపాడు.
కళ్లు మూశాడు.
బంతి వచ్చి తొడమీద ధబ్ మంది.

బెర్నడెట్ అప్పటికే సగం దూరం పరిగెత్తింది.
వాడు ఏడవలేదు.
బంతి తగిలినవాడికి మొదటి బేస్ ఊరికే ఇస్తారు,
నడిచి రావచ్చు. వాడు కుంటుతూ పరిగెత్తుకొచ్చి
రెండు కాళ్లూ బేస్ మీద మోపి నిలబడ్డాడు,
ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు.
పక్కన నేనే ఉన్నా.
"కోచ్, ఆయన చెప్పినట్టే చేశా" అన్నాడు, గుసగుసగా.

సాయంత్రం సామాను ఎత్తుతూ అడిగాను,
ఏం చెప్పావని.
వైనో సంచీ మూతి బిగించాడు.
"ఏమీ లేదు. ఏ సైగకీ అర్థం లేదు.
అక్కడ బ్యాటు పట్టుకున్నాక పిల్లాడు ఒంటరి.
ఎవరో వాడితో ఏదో అంటూ ఉండాలిగా."
గేటు తాళం రెండుసార్లు లాగి చూశాడు.

ఊళ్లోకి వచ్చేసరికి ఎర్రదీపం.
పక్క ట్రక్కు కిటికీలో ఆర్లో, అరటిపండు తింటూ.
నన్ను చూశాడు.
ఏమనాలో తోచక
టోపీ తాకాను. చెవి. మోచెయ్యి రెండుసార్లు.
వాడు నమలడం ఆపి, ఆలోచించి, తలూపాడు.
ఏం అర్థమైందో!
ఇంటికొచ్చి డిక్కీ తీసి లెక్కపెడితే హెల్మెట్లు పది.
ఒకటి వాడి తలమీదే ఉంది, ఆ కిటికీలో,
చూస్తూనే ఉన్నాను కూడా.